అమ్మాయి ఒక్క సెమిస్టర్ జర్మనీకి: పొలం అమ్మాలా, అప్పు చేయాలా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా హాలియా. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుణ్ని. మా అమ్మాయి హైదరాబాద్‌లోని ఒక యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎం.ఏ. మూడో సంవత్సరం చదువుతోంది. వాళ్ల యూనివర్సిటీకి జర్మనీలోని ఒక యూనివర్సిటీతో ఒప్పందం ఉందట. వచ్చే అక్టోబర్ నుంచి ఒక సెమిస్టర్ అక్కడ చదవడానికి ఎంపికైంది. మొత్తం 8 లక్షలు కావాలంటోంది. పెళ్లి కోసం దాచిన 4.5 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. 5 లక్షల చిట్టీ 50 నెలలది, ఇప్పుడు 38వ నెల నడుస్తోంది. తెలిసినాయన రెండు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. లేకపోతే రోడ్డు పక్కన 10 గుంటలు అమ్మేద్దామా అని ఆలోచన. విదేశీ చదువుకు ప్రభుత్వం 20 లక్షలు ఇస్తుందంటున్నారు, మాకు వస్తుందా? ఇంజనీరింగ్ రెండో ఏడాది చదివే మా అబ్బాయి కూడా 12 రోజుల సింగపూర్ ‘ఇంటర్‌కల్చరల్ ప్రోగ్రామ్’కు 1.9 లక్షలు అడుగుతున్నాడు. ఒకరికి ఇచ్చి ఇంకొకరికి కాదంటే ఇంట్లో గొడవ. రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: సార్, ముందు ఆ 10 గుంటల సంగతి పక్కన పెట్టండి. ఆరు నెలల చదువు కోసం రోడ్డు పక్క భూమి అమ్మే అవసరం మీకు లేదు. రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగానే ఉంటుంది, ఏడాదికి అది 24 శాతం. 8 లక్షల మీద నెలకు 16 వేలు, ఏడాదికి 1.92 లక్షలు వడ్డీకే పోతాయి. అసలు అలాగే ఉంటుంది. ఆయనకు దండం పెట్టి వచ్చేయండి.

డబ్బు ఎక్కడినుంచి తేవాలని అడిగారు. దానికన్నా ముందు తేవాల్సింది ఒక కాగితం. అమ్మాయిని రేపే వాళ్ల యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు వెళ్లి, ఈ ఎక్స్ఛేంజ్‌కు ఎరాస్మస్ ప్లస్ గ్రాంటు ఉందా లేదా అని రాతపూర్వకంగా అడగమనండి. ఎరాస్మస్ యూరప్ దేశాల్లో 1987లో మొదలైన విద్యార్థి మార్పిడి పథకం. ఇప్పుడు యూరప్ బయటి యూనివర్సిటీల విద్యార్థులకూ అందులో చోటుంది. అలా వెళ్లేవాళ్లకు దేశాన్నిబట్టి నెలకు 800 నుంచి 900 యూరోలు, దూరాన్నిబట్టి ప్రయాణ ఖర్చు ఇస్తారు. అయితే ప్రతి ఒప్పందంలోనూ ఈ డబ్బు ఉండదు. కొన్ని ఒప్పందాల్లో ట్యూషన్ ఫీజు మినహాయింపు ఒక్కటే ఉంటుంది. మీ ఉత్తరంలో గ్రాంటు మాటే లేదు కాబట్టి ఇది తేలేదాకా ఒక్క రూపాయి కూడా కదిలించకండి.

తేడా ఎంతో చూడండి. జర్మనీ విద్యార్థి వీసాకు నెలకు 992 యూరోల చొప్పున ఖర్చులకు డబ్బు ఉన్నట్టు చూపాలి. మామూలుగా దాన్ని విద్యార్థి పేరుమీదే బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలనెలా కొంత మాత్రమే తీసుకునే వీలున్న ఖాతాలో, ముందే వేస్తారు. ఆరు నెలలకు 5,952 యూరోలు. లెక్క కోసం యూరోను 105 రూపాయలనుకుంటే సుమారు 6.25 లక్షలు. అమ్మాయి చెప్పిన 8 లక్షల్లో సింహభాగం ఇదే. నెలకు 900 యూరోల గ్రాంటు ఆరు నెలలకూ ఉన్నట్టు ఉత్తరం వస్తే చూపాల్సింది నెలకు 92 యూరోల తేడా మాత్రమే, మొత్తం మీద సుమారు 58 వేలు. ఒక్క ఉత్తరంతో 5.67 లక్షల తేడా. గ్రాంటు ఐదు నెలలకే అయితే ఆరో నెల మొత్తం మీరే చూపాలి. గ్రాంటు సొమ్ము కూడా చాలాసార్లు అక్కడికి చేరాకే చేతికొస్తుంది. అందుకే టికెట్‌కు, మొదటి నెలకు డబ్బు ఎలాగూ ఇక్కడినుంచే వెళ్లాలి.

ఇక గ్రాంటు లేదనుకుని లెక్క వేద్దాం. బ్లాక్డ్ అకౌంట్‌కు 6.25 లక్షలు. రానుపోను టికెట్‌కు 75 వేలు పెట్టుకోండి. వీసా ఫీజు 75 యూరోలు, అంటే 8 వేలు. ట్యూషన్ ఫీజు లేకపోయినా సెమిస్టర్ కంట్రిబ్యూషన్ అని ఒకటి కట్టించుకుంటారు, దానికి 30 వేలు. చాలాచోట్ల ఊళ్లో బస్సులు, రైళ్ల పాసు అందులోనే వస్తుంది. చలి బట్టలకు 20 వేలు. చాలామంది మర్చిపోయేది మొదటి నెల. బ్లాక్డ్ అకౌంట్ డబ్బు దిగిన రోజే చేతికి రాదు. అక్కడ చిరునామా నమోదు చేసుకుని, బ్యాంకు ఖాతా తెరిచాక నెలకు 992 చొప్పున విడుదల అవుతుంది. హాస్టల్ డిపాజిట్, మొదటి నెల అద్దె మాత్రం వెంటనే కట్టాలి. దానికి 800 యూరోలు, అంటే 84 వేలు విడిగా ఉంచండి. అన్నీ కలిపితే 8.42 లక్షలు. అమ్మాయి లెక్క దాదాపు సరైనదే, మెచ్చుకోవాల్సిందే.

అయితే ఈ 8.42 లక్షలు ఎవరికో ఫీజుగా పోవడం లేదు. బ్లాక్డ్ అకౌంట్ డబ్బుతోనే తను అద్దె, తిండి, ఆరోగ్య బీమా అన్నీ నడుపుకోవాలి. పొదుపుగా ఉండి మిగిలితే అది మీదే. హాస్టల్ డిపాజిట్ తిరిగొస్తుంది. వీసా రాకపోయినా బ్లాక్ చేసిన సొమ్ము వెనక్కి వస్తుంది, కాకపోతే ఖాతా ఫీజు, మారకంలో కొంత పోతుంది, టైమూ పడుతుంది. అందుకని వీసా స్టాంపు పడేదాకా టికెట్ కొనొద్దు. అక్కడ పార్ట్‌టైమ్ చేసి సంపాదిస్తానని అమ్మాయి అంటే సంతోషించండి, మీ లెక్కలో మాత్రం రాసుకోకండి. ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకునే అనుమతి ఉంది. కానీ ఒక్క సెమిస్టర్‌కు వెళ్లిన పిల్ల భాష రాకుండా పని వెతుక్కుని, చేరి, జీతం అందుకునేసరికి తిరుగు ప్రయాణం దగ్గరపడుతుంది.

ఇక డబ్బు. డిపాజిట్‌ను విరగ్గొట్టకండి. అదే బ్యాంకులో దానిమీద లోన్ తీసుకోండి. సాధారణంగా 90 శాతం దాకా, అంటే 4 లక్షలు ఇస్తారు. డిపాజిట్ మీద వచ్చే వడ్డీకన్నా ఒకటి రెండు శాతమే ఎక్కువ పడుతుంది. మీ డిపాజిట్‌కు వడ్డీ వస్తూనే ఉంటుంది కాబట్టి నికరంగా మీకు పడే భారం ఏడాదికి 4 నుంచి 8 వేలు. పైన చెప్పిన 1.92 లక్షలతో పోల్చి చూసుకోండి. పెళ్లి డబ్బు పెళ్లికే ఉంటుంది.

రెండోది చిట్టీ. మొదటి ఏడాదిలో పాడుకుంటే చాలా పోగొట్టుకునేవారు. ఇప్పుడు 38వ నెల, పాడేవాళ్లు తగ్గే సమయం. గత నాలుగైదు పాటలు ఎంతకు పోయాయో ఆఫీసులో అడగండి. 50 వేలు వదులుకోవాల్సి వచ్చినా 4.5 లక్షలు చేతికొస్తాయి. వీసాకు దరఖాస్తు పెట్టేనాటికే బ్లాక్డ్ అకౌంట్ నిండాలి కాబట్టి సెప్టెంబర్ దాకా ఆగకుండా ఏప్రిల్, మే నెలల్లోనే పాడండి. పాట మీదైన రోజు డబ్బు రాదు, ష్యూరిటీలు పెట్టాలి, అవి పరిశీలించడానికి వారాలు పడుతుంది. మీ తోటి టీచర్లలో ఎవరు సంతకం పెడతారో ఇప్పుడే మాట్లాడుకోండి. ఇదంతా రిజిస్టర్డ్ కంపెనీ చిట్టీ అయితేనే. ఊళ్లో నమ్మకం మీద నడిచే చిట్టీ అయితే ఆ డబ్బు చేతిలో పడ్డాకే లెక్కలో వేసుకోండి.

రెండూ కలిపితే 8.5 లక్షలు, అవసరానికి సరిపోతుంది. ఏదైనా ఆలస్యమైతే ఇంట్లో బంగారం మీద బ్యాంకులో రెండు నెలలకు లోన్ తీసుకోవచ్చు. జీపీఎఫ్ (ప్రభుత్వోద్యోగుల భవిష్యనిధి) నుంచి పిల్లల చదువుకు తీసుకునే వీలుంది గానీ, బిల్లు పెట్టాక డబ్బు ఎప్పుడు పడుతుందో నాకన్నా మీ స్టాఫ్‌రూమ్‌కే బాగా తెలుసు. వీసా తేదీని దాని మీద ఆధారపడేలా పెట్టుకోకండి. డిపాజిట్ లోన్‌ను నెలకు 15 వేల చొప్పున కడితే రెండున్నరేళ్లలో తీరిపోతుంది.

డబ్బు పంపేటప్పుడు రెండు మూడు బ్యాంకుల్లో యూరో రేటు అడగండి. రూపాయి తేడా ఉన్నా 6 వేలు మిగులుతాయి. ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల లోపు పంపితే టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను) కూడా పట్టుకోరు.

ప్రభుత్వం ఇచ్చే 20 లక్షల విషయం. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, జ్యోతిబా ఫూలే విద్యానిధి లాంటివి విదేశాల్లో పూర్తిగా పీజీ, ఆపై చదువులు చేసేవారికి. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షలు దాటకూడదు. ఒక్క సెమిస్టర్ ఎక్స్ఛేంజ్‌కు అవి వర్తించవు, పైగా మీ జీతం ఆ పరిమితిలో ఉండదు.

డబ్బుకన్నా నాకు ఎక్కువ అనుమానం ఉన్నది క్రెడిట్ల మీద, అంటే పాసైన సబ్జెక్టులకు డిగ్రీలో లెక్కకొచ్చే పాయింట్ల మీద. అక్కడ క్లాసులు అక్టోబర్ మధ్యలో మొదలై ఫిబ్రవరి దాకా నడుస్తాయి, పరీక్షలు ఆ తర్వాత. మన దగ్గర సెమిస్టర్ జనవరికే మొదలవుతుంది. అంటే తిరిగొచ్చేసరికి ఇక్కడ నెలన్నరో రెండు నెలలో పాఠాలు పోయి ఉంటాయి. హాజరు ఎలా సర్దుతారు, అక్కడ పాసైన సబ్జెక్టులను ఇక్కడ దేనికింద లెక్కిస్తారు అన్నవి లర్నింగ్ అగ్రిమెంట్‌లో రాసి, విభాగాధిపతి సంతకం ఉండాలి. ‘చూసుకుందాంలే అమ్మా’ అన్న మాటతో విమానం ఎక్కితే ఇక్కడ ఇంకో సెమిస్టర్ చదవాల్సి రావచ్చు. ఆ సంతకం రాకపోతే వెళ్లొద్దనే చెబుతాను.

సంతకం, ఫీజు మినహాయింపు ఉత్తరం రెండూ ఉంటే పంపండి. పది దేశాల పిల్లలతో కలిసి ఒక ప్రాజెక్టు పూర్తి చేయడం, ప్రొఫెసర్‌తో తరగతిలోనే వాదించడం పుస్తకంలో చదివి వచ్చేవి కావు. మీ పక్క నాగార్జునకొండలో ఒకప్పుడు సింహళ (శ్రీలంక) బౌద్ధ భిక్షువులకు విహారం ఉండేది, చదువు కోసం సముద్రాలు దాటడం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. దీనివల్ల జీతం ఇంత పెరుగుతుందని మాత్రం నేను చెప్పను.

అబ్బాయి విషయంలో న్యాయం అంటే ఇద్దరికీ సమానంగా ఖర్చుపెట్టడం కాదు. అతన్ని మూడు అడగండి: క్రెడిట్లు ఎవరిస్తారు? మార్కుల జాబితా ఏ యూనివర్సిటీ పేరుమీద వస్తుంది? 1.9 లక్షలు ఎవరి ఖాతాకు వెళ్తున్నాయి? కాలేజీ ఖాతాకు కాకుండా ట్రావెల్ ఏజెన్సీకి వెళ్తుంటే అది విహారయాత్ర. విహారయాత్ర తప్పేమీ కాదు, కానీ చదువు ఖాతాలోంచి కాదు. అతని కాలేజీకి ఫీజు మినహాయింపుతో ఎక్స్ఛేంజ్ ఒప్పందాలు ఏమున్నాయో కనుక్కోమనండి. మూడో ఏడాదిలో మంచి మార్కులతో దానికి ఎంపికైతే అక్కకు ఖర్చుపెట్టినట్టే తనకూ పెడతానని ఇప్పుడే మాట ఇవ్వండి. చిట్టీ ఇంకో ఏడాదిలో అయిపోతుంది కాబట్టి ఆ నెలకు 10 వేలు అప్పుడు అతని పేరుమీద రికరింగ్ డిపాజిట్‌లో వేయొచ్చు.