భక్తి ఎక్కువైతే మతోన్మాదం అవుతుందా?

కాదు, భక్తి మన నడవడిని దిద్దుకోమంటుంది, ఉన్మాదం పక్కవాడి నడవడిని శాసించమంటుంది. నమ్మకం ఎంత గాఢమైనా అది సొంత మనసు సంగతి. ఒక గుంపు ‘సత్యం మాదొక్కటే’ అని తీర్మానించుకుని, ప్రశ్నించినవాణ్ణి ద్రోహిగా చూడటంతో ప్రమాదం మొదలవుతుంది. అక్కడ దేవుడికంటే గుంపు పెత్తనమే పెద్దది.

వరంగల్ పల్లెల్లో పీర్ల పండుగ, అంటే మొహర్రం, చూడండి. పీర్లకు దట్టీలు (మొక్కుబడి గుడ్డలు) కట్టేవాళ్లలో, అలావ (నిప్పుల గుండం) చుట్టూ ఆడేవాళ్లలో హిందువులూ ఉంటారు. అందుకని వాళ్ల మతమేమీ మారదు, ఇంట్లో పూజ ఆగదు. ఎంత చక్కటి అలవాటు!

మతసంస్థలన్నీ ఉన్మాదానికి పుట్టిళ్లనుకోవడం మాత్రం పొరపాటు. అన్నదానం చేసే గుడి కమిటీ, ఉర్సు నడిపే దర్గా కమిటీ కూడా సంస్థలే. రాజ్యాంగం 25వ అధికరణం మనస్సాక్షి స్వేచ్ఛను అందరికీ సమానంగా ఇచ్చింది. ఎదుటివాణ్ణి బెదిరించే హక్కు అందులో లేదు.