గుండీ కళ్లకు జడుసుకున్న పాప

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి అయిదు. పోయినేడాది హాలోవీన్‌కి స్నేహితుల ఇంట్లో పిల్లలందరికీ ‘కోరలైన్’ సినిమా పెట్టారు. ఆ తర్వాత పాప నెల రోజులు మా ఇద్దరి మధ్యే పడుకుంది. గుండీలున్న గౌను ఇప్పటికీ తొడుక్కోదు. ఈసారి సినిమా మా ఇంట్లో. ‘బేబీ సినిమాలొద్దు, భయం వేసేదే కావాలి’ అని బాబు గొడవ. ‘చూస్తేనే భయం పోతుంది, దాన్ని పిరికిదాన్ని చేయకు’ అని మా ఆయన. గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్యగారేమో ‘ఈ దెయ్యాల పండగ మనకెందుకే’ అంటున్నారు. ఏం పెట్టమంటారు?

జవాబు: ముందు ఒక మాట. మీ పాప పిరికిది కాదమ్మా. ఆ సినిమాలో అచ్చం అమ్మలాగే ఉండే ఇంకొకావిడ ఉంటుంది. కళ్లకు గుండీలు కుట్టించుకుంటే నా దగ్గరే ఉండిపోవచ్చని పిల్లను ఆశపెడుతుంది. అయిదేళ్ల పిల్లకి అమ్మే లోకం కదా, ఆ అమ్మే ఇంకెవరో అయిపోతే? రాత్రిళ్లు మీ మధ్యలో దూరిందంటే, పక్కనున్నది మీరేనని తడిమి చూసుకోవడానికే కావచ్చు.

యానిమేషనే కదా, సెన్సార్ రేటింగ్ పీజీ అనే కదా ఉంది అని పెద్దవాళ్లు పొరబడేది ఇక్కడే. పీజీ అంటే పెద్దలు చూసుకోవాలనేగానీ, అయిదేళ్లకి సరిపోతుందని కాదు. పైగా పదమూడేళ్ల లోపు పిల్లల విషయంలో జాగ్రత్త అని చెప్పే పీజీ-13 అనే మెట్టు అమెరికాలో 1984లో గానీ రాలేదు. ఆ ఏడాదే వచ్చిన ‘గ్రెమ్లిన్స్’ లాంటివి పీజీ పేరుతోనే పిల్లల్ని హడలగొట్టాయి. కాబట్టి మీ చిన్నప్పటి సినిమాలు కదా అని నమ్మి పెట్టేయకండి. పీజీ-13 వచ్చాక కూడా అంతే. 1993 నాటి ‘హోకస్ పోకస్’నే తీసుకోండి, ఇక్కడ ప్రతి ఇంట్లో వేస్తారు. మొదట్లోనే మంత్రగత్తెలు ఒక చిన్నపిల్ల ప్రాణం పీల్చేస్తారు. పైగా ‘వర్జిన్’ అనే మాట మాటిమాటికీ వస్తుంది. అత్తయ్యగారి ముందు మీ అబ్బాయి దానికి అర్థం అడిగితే నా దగ్గర సలహా లేదు!

అందరూ కలిసి చూసేదాన్ని పాపకి తగ్గట్టు ఎంచుకోండి. 1966లో టీవీ కోసం తీసిన ‘ఇట్స్ ద గ్రేట్ పంప్‌కిన్, చార్లీ బ్రౌన్’ అనే కార్టూన్ అరగంట కూడా ఉండదు. చార్లీ అనే పిల్లాడు దెయ్యం వేషానికని దుప్పటికి కన్నాలు చేస్తాడు, అవి కాస్తా ఎక్కువైపోతాయి. ఇంటింటికీ తిరిగితే అందరికీ మిఠాయిలు, వాడికి మాత్రం రాళ్లు. అది చూశాక పాపకి ఇంకా హుషారుంటే ‘మాన్‌స్టర్స్, ఇంక్’ (2001) పెట్టండి. అందులో భూతాలే ఒక చిన్నపిల్లని చూసి వణికిపోతాయి. పాపకి ఇంతకన్నా మంచి మందు నాకు తెలీదు. అయితే తలుపులోంచి భూతం వచ్చే మొదటి సీను ముందే చెప్పి ఉంచండి.

అత్తయ్యగారిని ‘కోకో’ (2017) దగ్గర కూర్చోబెట్టండి. అది హాలోవీన్ కథ కాదు, మెక్సికోలో పితృదేవతల్ని తలుచుకునే పండగ కథ. పటాలకు పూలు పెట్టడం, నైవేద్యం చూసి మన మహాలయ పక్షాలు గుర్తొస్తాయి ఆవిడకి. చివర్లో ముసలి తాతమ్మ దగ్గర ఏడిపిస్తుంది, రుమాలు పక్కన పెట్టుకోమనండి.

బాబు కోరికా న్యాయమైనదే. చెల్లి కోసం వాడిదంతా వదులుకోమంటే కోపం చెల్లి మీదికే పోతుంది. పాప నిద్రపోయాక, నాన్నా వాడూ కలిసి ‘మాన్‌స్టర్ హౌస్’ (2006) చూడొచ్చు. ఎదురిల్లే నోరు తెరిచి మనుషుల్ని మింగే కథ. మీ ఆయన ముందు ఒకసారి ఒంటరిగా చూసి ఉండాలి. నిజంగా చూడాలి, ట్రైలర్ కాదు.

‘చూస్తేనే పోతుంది’ అన్న మాటలో సగం నిజముంది. భయం కొంచెం కొంచెంగా, ఆపే వీలుంటేనే పోతుంది. రిమోట్ పాప చేతికివ్వండి. మొదట్లో ప్రతి రెండు నిమిషాలకీ ఆపుతుంది, విసుక్కోకండి. సినిమా మధ్యాహ్నం, కిటికీలు తెరిచి పెట్టుకోండి. ‘అదంతా అబద్ధం నాన్నా’ అంటే తొమ్మిదేళ్ల వాడికి ఊరట గానీ, ఈ వయసు పిల్లకి ఆ మాట ఆనదు. ఒడీ, దుప్పటీ, గ్లాసుడు పాలూ ఆనుతాయి. రాత్రి అత్తయ్యగారు పక్కన కూర్చుని ఆంజనేయ దండకం చదివితే ఇంకా మంచిది. మా అమ్మమ్మ కొరివి దెయ్యం కథ చెప్పి, వెంటనే దండకం కూడా తనే చదివేది!

ఇవన్నీ చేశాక కూడా వారాల తరబడి నిద్ర పట్టకపోతే, బడికి వెళ్లనని పేచీ పెడితే పిల్లల డాక్టర్‌కి ఒకసారి చూపించండి.

ఆ గుండీల గౌను ఇప్పుడే బయటికి తీయకండి. ఒక ఆదివారం సూదీ దారం, డబ్బాడు గుండీలు ముందేసుకుని మీ జాకెట్‌కో, ఆయన చొక్కాకో కుడుతూ కూర్చోండి. పిలవొద్దు. తనే వచ్చి ‘ఎర్రది నేనిస్తా’ అనేదాకా ఆగండి.