మావయ్య ఊపిరితిత్తులు మాడలేదు
పర్లాకిమిడి

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. రైస్ మిల్లు బాగా కుదిరింది. కానీ "ఇరవయ్యేళ్ల ఉబ్బసంతో మావయ్య ఊపిరితిత్తులు మాడి బొగ్గయిపోయాయి" అని రాశావు చూడు, అక్కడ ఒళ్లు మండింది. ఏం మాడింది? ఎక్కడ?

ఊపిరితిత్తుల చివర ఉండే గాలి గదుల గోడలు చిరిగిపోయేది ఎంఫసీమా అనే వేరే జబ్బులో, ఎక్కువగా చుట్టా బీడీ తాగేవాళ్లకి. ఉబ్బసంలో ఆ గోడలు దాదాపు అలాగే ఉంటాయి, గాలి బయటికి పోక గదులు ఉబ్బుతాయంతే. చెడేది అక్కడికి గాలి మోసే సన్న గొట్టాల గోడ. ఉబ్బసంతో పోయినవాళ్లలో ఆ గోడ మందమవుతుందని హ్యూబర్, కోయెస్లర్ అనే పరిశోధకులు 1922లోనే కొలిచి చూపించారు.

ఆ గోడని లోపలినుంచి చూడు. మొదటి పొర మీద శైలికలని సన్నటి నూగు ఉంటుంది, దుమ్మునీ కళ్లెనీ గొంతువైపు తోస్తూ. ఉబ్బసంలో ఆ నూగు కణాలు గుత్తులుగా ఊడిపోతాయి, కళ్లె చేసే గోబ్లెట్ కణాలు పెరుగుతాయి. ఊడ్చేవాళ్లు తగ్గి చెత్త పోసేవాళ్లు ఎక్కువయ్యారన్నమాట. దాని కింద పునాది పొర, మామూలుగా 5 మైక్రాన్లకి అటూ ఇటూ (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). ఉబ్బసం ఉంటే 10 కూడా దాటొచ్చు. పుండు మానేచోట మచ్చ కట్టినట్టు అక్కడ కొల్లాజెన్ అనే పీచులాంటి మాంసకృత్తు పేరుకుంటుంది. ముసలితనందాకా ఆగదు, బడికెళ్లే పిల్లల్లోనే కనబడుతుంది. ఇంకా కింద కండరం: కణాల సంఖ్యా పెరుగుతుంది, ఒక్కో కణం లావూ పెరుగుతుంది. మధ్యలో కొత్త రక్తనాళాలు, ఇయోసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాల గుంపులు. గొట్టం వ్యాసార్థం సగమైతే గాలికి అడ్డు 16 రెట్లు. గోడ కాస్త లావెక్కితే చాలు, మనిషి మెట్ల దగ్గరే కూలబడడానికి.

ఇంకోటి. మావయ్య "గాలి లోపలికి లాగలేక" గింజుకున్నాడన్నావు. అసలు కష్టం వదలడంలో. వదిలేటప్పుడు గొట్టాలు మరింత ఇరుకవుతాయి, పిల్లికూత ముందు వినబడేదీ అప్పుడే. పాత గాలి లోపల కూర్చుంటే కొత్తదానికి చోటేది? అందుకని లాగలేకపోతున్నట్టు ఉంటుంది. మంచం పట్టె మీద చేతులానించి, భుజాలెత్తి, ఒక్క ఊపిరి వదలడానికి ఎంతసేపు పట్టిందో రాయి. పొలికేకలు వద్దు. ఆయాసం ముదిరినవాడు రెండు మాటలు కలిపి అనలేడు, నీ మావయ్యేమో అరపేజీ మాట్లాడాడు!

నీలం పంపు ఒక్కసారి పీల్చగానే జబ్బు మాయం చేశావు. అందులో ఉండే సాల్బుటమాల్ మందు కండరాన్ని నిమిషాల్లోనే వదులు చేస్తుంది, కానీ ఓ నాలుగైదు గంటలపాటే. వాపు తగ్గించదు. దానికి రోజూ పీల్చే స్టెరాయిడ్ మందు వేరే ఉంది, బాగానే ఉందని మానేస్తే వాపు మళ్లీ మొదలు. ఆ మానేయడంలోనే నీకో కథ ఉంది, నువ్వు చూడలేదు.

"శ్వాసకృచ్ఛ్రం" ఎందుకమ్మా? గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని! ఆయాసం అను. కళ్లె అను. సంపాదకులు దాన్ని కొట్టేసి "శ్లేష్మం" అని దిద్దుతారు, వాళ్లకి జబ్బుకంటే మర్యాద ముఖ్యం. దిద్దనీ, నువ్వు మాత్రం ముందే లొంగకు.

పేరు మార్చాలా అని అడిగావు, అది తరవాత చూద్దాం. ముందు తవుడు గది తలుపు తీసిన చోటునుంచి తిరగరాసి పంపు.