సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ కొనొచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం అండి. 2022 మోడల్ గ్రాండ్ విటారా హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజన్‌తో పాటు బ్యాటరీ మోటార్ ఉండేది) ఒకటి అమ్మకానికొచ్చింది, 70 వేల కిలోమీటర్లు తిరిగింది. బ్యాటరీ పోతే లక్షలవుతుందని మా బావ భయపెడుతున్నాడు. ఏం చూసి కొనాలి?

జవాబు: ముందు అది స్ట్రాంగ్ హైబ్రిడ్డేనా, అంటే మోటార్ ఒక్కటే కూడా బండిని నడపగలిగేదేనా కాదా తేల్చుకోండి, ఎందుకంటే అదే బండి స్మార్ట్ హైబ్రిడ్‌గా కూడా వచ్చింది, అందులో మోటార్ ఇంజన్‌కి సాయం చేస్తుందే తప్ప ఒక్కటే బండిని లాగలేదు, ఆ రెండిటికీ ఒకే రేటు పెట్టకండి. స్ట్రాంగైతే బ్యాటరీకి కంపెనీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, అంటే ఇంకా చాలా ఉంది, మీ బావగారికి చెప్పండి. అయినా సర్వీసు రికార్డు మొత్తం షోరూమ్‌లో తీయించి, అక్కడే స్కానర్ పెట్టించి బ్యాటరీ చూపించుకోండి, దానికయ్యే ఖర్చుకి వెనకాడొద్దు.

నాకు అసలు భయం నీళ్లండి. నాగావళి, వంశధార పొంగే ఊళ్లు మనవి. కార్పెట్ ఎత్తి చూడండి, సీటు బోల్టులకి తుప్పు, మూలల్లో బురద, ముక్కిపోయిన వాసన ఉంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు, వరదలో మునిగిన బండికి వారంటీ పనికిరాదు.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే పొద్దున్నే నడపండి. ఊళ్లో నెమ్మదిగా పోతుంటే ఇంజన్ ఆగిపోయి మోటార్ మీద నడవాలి, తర్వాత విశాఖ హైవే ఎక్కించండి. డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ చార్జింగ్ చూపించే గీతలు టపటపా పడిపోయి మళ్లీ గబగబా నిండిపోతుంటే ఆ బండి వదిలేయండి.