కోర్టు మార్షల్‌లో ఓట్లు: ముగ్గురు దోషి అంటే చాలా?

మీ అన్నయ్య మీద జనరల్ కోర్టు మార్షల్ (సైన్యంలోని కోర్టు విచారణ) నడుస్తోందనీ, తీర్పు చెప్పే సభ్యులుగా కూర్చున్న ఐదుగురు ఆఫీసర్లలో ముగ్గురు దోషి అంటే శిక్ష పడిపోతుందా అనీ అడిగారు కదమ్మా. నేను ఆర్మీలో క్లర్కుగా చేసి హవల్దార్‌గా రిటైరై పర్లాకిమిడిలో ఉంటున్నాను. సర్వీసులో ఒక కోర్టు మార్షల్ కాగితాల పని చూశాను కాబట్టి రాస్తున్నాను.

అవును, ముగ్గురు చాలు. 1950 ఆర్మీ చట్టం 132వ సెక్షన్ ప్రకారం మెజారిటీదే తీర్పు. ఓట్లు సమానమైతే ముద్దాయికి అనుకూలంగా తీసుకోవాలి. మరణశిక్షకైతే మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి.

నేను చూసిన కేసులో వాదనలయ్యాక ముద్దాయి, ఎస్కార్టు (అతని కాపలా), ప్రాసిక్యూటర్, వకీలు, మాలాంటి వాళ్లం అందరం వరండాలోకి వచ్చేశాం. తలుపు వేసేశారు. లోపల సభ్యులు, జడ్జ్ అడ్వకేట్ మాత్రమే. ఆయన చట్టం చెబుతాడు గానీ ఆయనకు ఓటు లేదు. ఆ వరండాలో ముద్దాయి కుర్రాడు బెల్టు లేకుండా, టోపీ లేకుండా నిలబడి ఉంటే అతని ముఖం చూడలేకపోయాను.

లోపల అభిప్రాయం అడగడం అందరికంటే చిన్న ర్యాంకు ఆఫీసర్‌తో మొదలుపెట్టాలి. ఈ రూలంటే నాకు చాలా గౌరవం. కర్నల్ సాబ్ ముందే చెప్పేస్తే కెప్టెన్ నోట వేరే మాట వస్తుందా? యూనిట్లో పనిచేసిన ఎవరినైనా అడగండి. నిర్దోషి అన్న సభ్యుడు కూడా శిక్ష దగ్గర తన మాట చెప్పి తీరాలి, తప్పుకోవడానికి లేదు. ఎవరు ఎటు వేశారో బయటపెట్టబోమని ముందే ప్రమాణం చేస్తారు కాబట్టి ఆ సంగతి ఆరా తీయొద్దు.

సమ్మరీ కోర్టు మార్షల్ అని ఇంకో రకం ఉంది, దాన్లో అసలు ఓటింగే లేదు. కమాండింగ్ ఆఫీసర్ ఒక్కడే కోర్టు. పక్కన ఇద్దరు కూర్చుంటారు, వాళ్లకు ప్రమాణం లేదు, నిర్ణయంలో పాత్ర లేదు. ఏడాది దాకా జైలు వేయొచ్చు. అందుకే నాకు దీని గురించే ఎక్కువ భయం. 1987లో రంజిత్ ఠాకూర్ కేసులో, జవాను ఎవరి మీద ఫిర్యాదు చేశాడో ఆ ఆఫీసరే విచారణలో కూర్చున్నాడని సుప్రీంకోర్టు శిక్షను కొట్టేసింది. తిండి తినమన్నప్పుడు తినలేదన్నది నేరం, ఏడాది జైలు, డిస్మిస్ శిక్ష!

మీరు ఇప్పుడు పట్టించుకోవాల్సింది తీర్పు తర్వాతి సంగతి. జనరల్ కోర్టు మార్షల్ తీర్పు పై అధికారి ఖరారు చేసేదాకా చెల్లదు. గుణుపురం వైపు నుంచి ఒక పెద్దాయన కాగితాల సంచీ పట్టుకుని వచ్చాడు, కొడుక్కి శిక్ష చదివేశారు కాబట్టి ఇక అంతా అయిపోయిందనుకుని పొలం బేరం పెట్టేశాడు. 164వ సెక్షన్ కింద ఖరారుకు ముందే పిటిషన్ పెట్టుకోవచ్చని అప్పటిదాకా ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఖరారయ్యాక ఇంకో పిటిషన్, ఆ పైన సాయుధ బలగాల ట్రిబ్యునల్ ఉన్నాయి. మన ఒడిశా వాళ్లకు దగ్గరి బెంచి కోల్‌కతాలో ఉంది. ప్రొసీడింగ్స్ (విచారణ రికార్డు) కాపీ కోసం అన్నయ్య చేత ఇప్పుడే రాతపూర్వకంగా అడిగించండి.