కొడుకు ఎల్లోస్టోన్ తీస్కపోతా అంటున్నడు, బీపీ ఉన్నోళ్ళం పోవచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా పెద్దోడు అమెరికాల డెన్వర్‌ల ఉంటడు, జూన్‌ల మేమిద్దరం పోతున్నం. దిగిన రెండో రోజే రాకీ మౌంటెన్ పార్కు చూపించి, అట్నుంచి అటే కార్ల గ్రాండ్ టీటన్, ఎల్లోస్టోన్ పార్కులు తిప్పుతా అంటున్నడు. మా ఆయనకు బీపీ, షుగర్, నాకు మోకాళ్ళ నొప్పులు, శ్రీశైలం ఘాట్లనే కడుపుల తిప్పుతది. పోవాల్నా వద్దా?

జవాబు: తప్పకుండ పోండ్రి అక్కా. కానీ రెండో రోజే రాకీ మౌంటెన్ అన్న మాట మాత్రం బాబుతోని మాట్లాడి మార్పించుండ్రి. అందరు మైళ్ళు లెక్క పెడ్తరు గానీ మీ వయసోళ్ళు చూసుకోవాల్సింది ఎత్తు. డెన్వరే 1,600 మీటర్ల మీద ఉంటది, ఇగ ఆ పార్కుల ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు 3,713 మీటర్ల దాక ఎక్కుతది, ఆడ పీల్చే గాలిల ఆక్సిజన్ సముద్రమట్టం కాడ ఉన్నదాంట్ల దాదాపు మూడింట రెండొంతులే, అందుకే తలనొప్పి, వాంతులు, ఆయాసం వస్తయి. డెన్వర్‌ల మూడు నాలుగు రోజులు ఉండి, ముందుగాల టీటన్, ఎల్లోస్టోన్ చూసి, రాకీ మౌంటెన్‌ను ఆఖరికి పెట్టుకుంటే అప్పటికి ఒంటికి అలవాటైతది. పైన ఏమన్న తేడా కొడ్తే కాసేపు కూసుంటే తగ్గుతదిలే అనుకోకుండ వెంటనే కిందికి దిగుండ్రి. బీపీ గోలీల సంగతి, మీ కడుపుల తిప్పుడుకు గోలీ సంగతి ఇక్కడ్నే డాక్టర్‌ను అడిగి పోవాలె, మందులన్ని చేతి బ్యాగులనే ఉండాలె.

డెన్వర్ నుంచి టీటన్ పక్కనున్న జాక్సన్ ఊరికి కార్ల ఎనిమిది తొమ్మిది గంటలు పడ్తది, ఒక్క రోజుల కొట్టొద్దు, మధ్యల రాలిన్స్‌లనో రాక్ స్ప్రింగ్స్‌లనో రాత్రి పడుకోండ్రి, మీరు ముందు సీట్ల కూసోండ్రి.

తిండి సంగతి జర వివరంగ చెప్తా. సకినాలు, పల్లీల పొడి, మామిడికాయ తొక్కు పట్టుకపోండ్రి, చికెన్ పచ్చడి మాత్రం వద్దు, మాంసం కలిసినయి కస్టమ్స్‌ల తీసేస్తరు. ఎల్లోస్టోన్‌ల ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీళ్ళు పైకి చిమ్మే బుగ్గ దిక్కు నీళ్ళు 93 డిగ్రీలకే మరుగుతయి, అందుకని గిన్నెల వండితే బియ్యం పలుకు పలుకే ఉంటది. బియ్యం అరగంట నానబెట్టి కొంచెం నీళ్ళు ఎక్కువ పోసుకోవాలె, లేకుంటే చిన్న ప్రెషర్ కుక్కర్ పెట్టుకోవాలె, అదే నయం. తిన్నంక తొక్కు సీసా బల్ల మీద ఇడిచి ఫొటోలకు పోవద్దు, వాసనకు ఎలుగుబంట్లు వస్తయి. తినే సామాన్లన్ని కార్ల పెట్టి తాళం వెయ్యాలె, అది పార్కు రూల్ కూడా.

బైసన్ మన బర్రె లెక్క నెమ్మదిగ మేస్తుంటది, దగ్గరికి పోబుద్ధైతది, కానీ ఉరికొచ్చి పొడుస్తది. దానికి 25 గజాలు, ఎలుగుబంటికి, తోడేలుకు 100 గజాలు దూరం ఉండాలె. వేడినీళ్ళ గుంటల కాడ చెక్కబాట దిగొద్దు, పక్కన నేల పైపొర పల్చగుంటది, కింద సలసల కాగే నీళ్ళు. మీ మోకాళ్ళకు భయం లేదు, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ కాడ బాట సాపుగనే ఉంటది, బెంచీలున్నయి, సుమారు గంటన్నరకోసారి నీళ్ళు పైకి లేస్తయి గాబట్టి కూసొనే చూడొచ్చు.

జూన్ అయినా పొద్దుగాల గడ్డ కట్టే చలి ఉండొచ్చు, స్వెటర్లు, మంకీ క్యాపులు, సాక్సులు సర్దుకోండ్రి. లోపల చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ దొరకదు, మ్యాపులు ముందే దించుకొమ్మని బాబుకు చెప్పుండ్రి. విజిటర్ ఇన్సూరెన్స్ కొనే ముందు మీ ఆయనకు ఇప్పటికే ఉన్న బీపీ, షుగర్‌కు ఎంతవరకు వర్తిస్తదో ఆ కాగితంల చదివించుకోండ్రి.