సమాధానం: ప్రాసెసర్ కంటే ముందు హార్డ్ డిస్క్ సంగతి చూడండి

2012 నాటి మీ ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ ఐ3-3110ఎం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉన్నాయని, ఆన్ అవడానికే చాలా సేపు పడుతోందని, దాని బదులు ఐ7 ప్రాసెసర్ వేస్తే బాగుపడుతుందా అని అడిగారు కదా. ఇప్పుడే ప్రాసెసర్ జోలికి వెళ్లకండి.

ఆన్ అవడం, బ్రౌజర్ తెరుచుకోవడం ఆలస్యమవుతున్నాయంటే చాలావరకు కారణం హార్డ్ డిస్కే. చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను వెతికి చదవడంలో అది బాగా వెనకబడుతుంది. దాని స్థానంలో సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, చాలా వేగంగా చదివే డిస్క్) పెట్టి, ర్యామ్ 8 జీబీ చేయండి. తేడా మొదటిసారి ఆన్ చేసినప్పుడే తెలుస్తుంది.

ఆ తర్వాత కూడా వీడియో ఎడిటింగ్ లాంటి పనుల్లో విండోస్ టాస్క్ మేనేజర్‌లో సీపీయూ (ప్రాసెసర్) వాడకం 100 శాతం దగ్గరే ఉండిపోతుంటే, అప్పుడు ఐ7 గురించి ఆలోచించవచ్చు. ముందు సీపీయూ-జెడ్ (ప్రాసెసర్ వివరాలు చూపించే ప్రోగ్రామ్) లో ప్యాకేజీ అనే వరుస చూడండి. బీజీఏ అని ఉంటే చిప్‌ను బోర్డుకే సోల్డర్ చేసేశారు, ఇక వదిలేయండి. ఆర్‌పీజీఏ అని ఉంటే సాకెట్‌లోంచి తీసి మార్చవచ్చు. మీది 35 వాట్ల చిప్. 45 వాట్లది పెడితే కూలింగ్ చాలక వేడెక్కి, వేగం తనే తగ్గించుకుంటుంది. అందుకే 35 వాట్లలోనే నాలుగు కోర్లున్న ఐ7-3632క్యూఎం లాంటిది చూడండి. అయితే మీ ల్యాప్‌టాప్ మోడల్ బయాస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) దాన్ని గుర్తిస్తుందో లేదో కొనేముందే కనుక్కోండి, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు.

విండోస్ 11 కోసమైతే మాత్రం ఈ మార్పు వల్ల లాభం లేదు. దానికి ఇంటెల్‌లో అధికారికంగా చాలావరకు 8వ తరం నుంచే మద్దతు ఉంది, ఆ ఐ7 కూడా 3వ తరానిదే.